బ్యాటరీ మోసిన ఎండాకాలం

మోటరు వస్తే మా ఆయన భుజానికి విశ్రాంతి దొరుకుతుందని అందరూ అన్నారు. నిజమే, దొరికింది. ఆ విశ్రాంతి ఎంత బరువుంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. మోసిన నెత్తి నాది కాబట్టి నాకు తెలుసు. ఎనభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం అది. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే నా మెడ పట్టేస్తుంది.

మా గుట్టపల్లె సగం మానేరు డ్యాంలో మునిగింది. మిగిలిన సగానికి మూడు దిక్కులా నీళ్లు, నాలుగో దిక్కు రాళ్ల గుట్ట. కరీంనగర్ పోవాలంటే గుట్ట చుట్టూ పొద్దంతా నడవాలి, లేకుంటే ఏలియా నావ ఎక్కాలి. ఏలియా మా ఆయన. ఊరు మునగకముందు లక్ష్మణ్‌రావు దొర దగ్గర జీతం ఉండేవాడు. పసులు కాశాడు, నాగలి దున్నాడు, దొర చెప్పులు బయట ఎండలో ఉంటే నీడలో పెట్టాడు. ఊరు మునిగాక దొర కరీంనగర్ పోయి రైసుమిల్లు పెట్టుకున్నాడు. ఆయన ఉండిన పెద్ద మేడ, ఆ గడి తలుపులు ఎవరికీ పట్టక నీళ్ల అంచున పడి ఉంటే, మా ఊరి వడ్రంగి లింగమూర్తి వాటిని కోసి నావ చేసి ఇచ్చాడు. ఎరువుల సంచులు విప్పి దానికి తెరచాప కుట్టింది నేను.

ఆ నావ ఎక్కాకే మా ఆయన వెన్ను నిటారుగా నిలబడింది. దొర మామిడితోట మునగకుండా మా ఒడ్డునే మిగిలిపోయింది. కాయ దిగే కాలంలో దొర కూడా అవతలి రేవులో నిలబడి మా ఆయన కోసం ఎదురుచూడాల్సిందే. నావ ఆనగానే, "ఏలియా, ఎక్కడ కూసోమంటవు?" అని అడిగేవాడు. ఏలియా చూపించిన పలక మీద కూర్చునేవాడు. జీతం ఉన్నన్నాళ్లూ ఆ తలుపు దాటి లోపలికి పోని మనిషి మా ఆయన. ఇప్పుడదే తలుపు మీద దొరను ఎక్కడ కూర్చోబెట్టాలో తాను చెబుతున్నాడు. ఆ ఒక్క మాట కోసం ఆయన పొద్దంతా తెడ్డు వేసేవాడని నాకు తెలుసు. పైకి ఎప్పుడూ అనలేదు.

ఆ ఎండాకాలానికి ముందటి చలికాలంలో రేవు బురదలో జారి రాతి మీద పడ్డాడు. కుడి భుజం పోయింది. మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ చేయి పైకెత్తి చూసి, ఇక తెడ్డు ముట్టుకోవద్దంది. ఈయన వింటాడా. పొద్దున గాలి ఉండదు, చాప పనిచేయదు, తెడ్డే దిక్కు. ఎడమచేత్తో తెడ్డు వేసి, గాలి వచ్చాక చాపతాడు పళ్లతో పట్టి లాగేవాడు. ఇంటికి వచ్చాక అంగీ గుండీలు నేను విప్పాలి.

"నొస్తుందా?" అని అడిగేదాన్ని.

"లేదు" అనేవాడు. ఆ లేదు అనేటప్పుడు దవడలు బిగుసుకునేవి.

ఆ సంగతి దొర చెవిన పడింది. తోటకు పూత ఎట్లుందో చూడవచ్చిన రోజు నావలోనే అన్నాడు. "భుజం పోయినంక నావేం నడుపుతవ్ రా. మా మిల్లు గేటు కాడ స్టూలు ఏస్త. కూసో, వచ్చెటోళ్లకు దండం పెట్టు. గంతే పని."

"ఎండాకాలం పోనీయుండ్రి దొరా" అన్నాడు ఏలియా.

"వానలు పడేలోపల చెప్పు మరి. నువ్వు కాదంటే ఇంకోణ్ణి చూస్కుంట."

నిజం చెప్పాలంటే నాకు ఆ స్టూలు నచ్చింది. నీడపట్టున ఉంటాడు, నెల తిరిగేసరికి ఇంత చేతికి వస్తుంది, నేను కూడా ఎదురుచూపులు మాని ఇంత నడుం వాలుస్తాను. అదే మాట అన్నాను. మా ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, నీళ్లు పెడితే తాగాడు, అంతే. చివరికి నేనే విసిగిపోయి ఆ మాట ఎత్తడం మానేశాను.

అట్లాంటప్పుడు దిగాడు నా తమ్ముడు మొగిలి, మస్కట్ నుంచి. అందరూ టేపురికార్డర్లు, దుప్పట్లు తెస్తారు. వీడు గోనెగుడ్డలో చుట్టి ఒక ఇనుప కడ్డీ తెచ్చాడు. కడ్డీకి కింద చిన్న ఫ్యానురెక్కలు, పైన ఒక పెట్టె, పెట్టెకు పిడి. ఉప్పునీళ్లకు అక్కడక్కడా తుప్పు తిన్నది.

"మా అరబ్బు సేఠు పారేస్తుంటే అడుక్కున్న" అన్నాడు. "చేపలు పట్టే పడవకు పెడ్తరు. బావా, గిది కరెంటు తెడ్డు అనుకో. పొగ లేదు, సప్పుడు లేదు. బ్యాటరీకి తగిలిస్తే అదే గుంజుకపోతది. ఎడమచేత్తోని గీ పిడి తిప్పుతే చాలు."

డీజిల్ ఇంజను మాట అంతకుముందు ఒకసారి వచ్చింది కానీ, నూనె తేలితే చేప పోతుందని చేపలు పట్టేవాళ్లు ఒప్పుకోలేదు. దీనికి ఆ బాధ లేదు. మా ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో రెక్కలు తిప్పి తిప్పి చూశాడు. చలికాలం తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూడటం అదే.

బిగించడం దగ్గర మొదలైంది తిప్పలు. మోటరుకు రెండు మరలున్న పట్టు ఉంది. లింగమూర్తి దాన్ని చూసి పెదవి విరిచాడు.

"గిది సపాటు చెక్కకు బిగిచ్చేది. మన నావకు ముందు ముక్కే, ఎనక ముక్కే. సపాటు యాడున్నది?"

"పక్కకు బిగియ్యి" అన్నాడు మొగిలి, మస్కట్ చూసొచ్చిన మనిషి కదా.

పక్కకు బిగించారు. మొగిలి కరీంనగర్‌లో కొనితెచ్చిన ట్రాక్టరు బ్యాటరీ పెట్టి ఎర్ర వైరు ఎర్రదానికి, నల్ల వైరు నల్లదానికి కలిపారు. మొగిలి పిడి తిప్పాడు. నిజంగానే చప్పుడు లేదు. నావ కదిలింది. కదిలి, ఉన్నచోటనే గుండ్రంగా తిరిగింది. పిడి ఎటు తిప్పినా మళ్లీ అదే తిరుగుడు. ఒడ్డున బట్టలు పిండుతున్న ఆడవాళ్లు పనులు ఆపి నిలబడ్డారు.

"ఏలియన్నా, గానుగ కట్టినవా ఏంది? మాక్కూడ ఇంత నూనె పొయ్యి" అని అరిచింది బాలలక్ష్మి. రేషన్ దుకాణం వెంకటి భార్య ఆమె. మా ఊళ్లో ఉన్న ఒకే టీవీ వాళ్లింట్లోనే.

లింగమూర్తి మర్నాడు గడి గడప ముక్క ఒకటి దొరకబట్టి, చెక్కి, వెనక ముక్కుకు బోల్టులతో, ఇనుప పట్టీతో బిగించి సపాటు చేశాడు. ఈసారి నావ సూటిగా పోయింది. జనాన్ని ఎక్కించుకునే ముందు గంగమ్మకు కాయ కొట్టకుంటే ఎక్కేది లేదంది బాలలక్ష్మి. మేమా చర్చికి పోయేవాళ్లం.

"మీరు కాయ కొట్టుండ్రి, మేం ప్రార్థన చేస్తం. నీళ్లకు రెండూ ఇనవడ్తయ్" అన్నాడు మా ఆయన. కొబ్బరి మాత్రం మొగిలి తిన్నాడు.

వారం తిరక్కుండానే మొగిలి మస్కట్ పోయాడు. వాడు పోయాక తెలిసింది నాకు, కరెంటు తెడ్డుకు కూడా మోసే మనిషి కావాలని. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో దేవునికే ఎరుక. బ్యాటరీకి ఛార్జింగు అవతలి ఒడ్డున, రోడ్డు పక్క రాజం రేడియో దుకాణంలోనే. ఎండలకు నీళ్లు వెనక్కి పోయినకొద్దీ రేవుకూ రోడ్డుకూ మధ్య బురద పెరిగింది. ఆ బురదలో, ఆ ఎండలో, చుట్టకుదురు పెట్టుకుని ట్రాక్టరు బ్యాటరీ నెత్తి మీద మోసింది నేను. నీళ్లకడవ అయితే ఒలికితే చీర తడుస్తుంది. ఇది ఒలికితే చీర కాలుతుంది. నా రెండు చీరలకు జల్లెడ చిల్లులు పడ్డాయి.

మా ఆయన వెనకే వచ్చేవాడు. "జర పైలం రిబ్కా. ఒంచకు. సూటిగ పట్టు."

"నువ్వు చెప్పుడు బంజేస్తే జర బర్వు తగ్గుతది" అనేదాన్ని.

కోపం రాలేదంటే అబద్ధం. ఆయన చేతిలో నుంచి పోయిన పనంతా నా నెత్తి మీదికి ఎక్కి కూర్చుంది. ఊరంతా మాత్రం 'ఏలియాకు సుఖమైంది' అనేవాళ్లు. ఒక్క లింగమూర్తి, "ఏలియాకు మోటరు అచ్చింది, రిబ్కమ్మ నెత్తికి సవారీ అచ్చింది" అని నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

అయినా పనిచేసింది, కాదనను. పొద్దున గాలి లేనప్పుడు కూడా నావ పోయింది. మా ఆయన ఎడమచేత్తో పిడి పట్టుకుని, తల కొద్దిగా పైకెత్తి కూర్చునేవాడు. నావలో చాప కట్టే గుంజ పీకేస్తే ఇంకో ఇద్దరు కూర్చోవచ్చని జనం అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. చాప మటుకు విప్పి, మడిచి, నడుమ పలక మీద మెత్తగా పరిచాడు. పెద్ద మనుషులు వస్తే కూర్చోవడానికి పనికొస్తుందని.

మే నెలలో ఒక శనివారం బ్యాటరీ ఛార్జింగు పెట్టించి తెచ్చాను. మర్నాడు అవతలి ఒడ్డున చర్చికి పోవాలి. ఆరోజు సాయంత్రం టీవీలో సినిమా. సరిగ్గా పేర్లు పడేటప్పుడు కరెంటు పోయింది. కాసేపటికి బాలలక్ష్మి మా గుమ్మం ముందుకు వచ్చింది. ఆమె మా గుమ్మం దాకా రావడం నాకు తెలిసి అదే మొదలు.

"ఏలియన్నా, జర నీ బ్యాటరీ ఇయ్యి. ఊరంత వాకిట్ల కూసున్నది" అంది.

"రేపు నావకు కావాలె గద" అన్నాను నేను.

మా ఆయన అప్పటికే లేచాడు. "టీవీ ఏమన్న బర్వు గుంజుతదా రిబ్కా? మోటరంటే మనుషులను మోస్తది, బ్యాటరీ ఒడుస్తది. గియ్యి బొమ్మలు. బొమ్మలకేం ఒడుస్తది?"

ఊళ్లో అందరిదీ అదే లెక్క. లింగమూర్తి కూడా తలూపాడు. బరువు మోసేదే అరుగుతుంది, బరువు లేనిదానికి ఖర్చేముంది అని. మాకు తెలిసిన ఎద్దులన్నీ అట్లనే, నాగళ్లన్నీ అట్లనే.

బ్యాటరీ నేనే మోసుకుపోయాను, ఇంకెవరు మోస్తారు. వెంకటి వాకిట్లో జనమంతా నేల మీద కూర్చున్నారు. మా ఆయనకు కుర్చీ వేశారు. ముందు వరసలో. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆ ముఖం చూశాక సినిమా సగంలో బ్యాటరీ అడుగుదామనుకున్నదాన్ని నోరు మూసుకున్నాను. సినిమా అయ్యాక వార్తలు, వార్తల తర్వాత ఇంకేదో. తెల్లారి ఆదివారం, దేవుళ్ల సీరియల్. అదీ చూశాకే ఇస్తామన్నారు. టీవీ ముందు అగరుబత్తులు వెలిగించారు, ఒకామె పసుపు కుంకుమ పెట్టింది. నేను బైబిలు చంకలో పెట్టుకుని వాకిలి బయట నిలబడ్డాను. పొద్దు చర్రున ఎక్కుతోంది.

చర్చికి పోయేటప్పుడే మోటరు నీరసించింది. అవతల ఛార్జింగు పెట్టిద్దామంటే ఆదివారం రాజం దుకాణం మూత. ప్రార్థన అయ్యి రేవుకు వచ్చేసరికి, చింతచెట్టు కింద లక్ష్మణ్‌రావు దొర, ఆయన భార్య సరళాదేవి దొరసాని నిలబడి ఉన్నారు. మామిడికాయ దించడానికి గంపలు తెచ్చుకున్నారు.

"ఎక్కడ కూసోమంటవు ఏలియా?" అన్నాడు దొర.

మా ఆయన ఆయనకు ముందు పలక చూపించాడు, దొరసానికి చాప పరిచిన నడుమ పలక చూపించాడు. ముసలి లచ్చవ్వ, చర్చి ఆడవాళ్లు ఇద్దరు, నేను మిగిలిన చోట సర్దుకున్నాం.

"మోటరు పెట్టినవట. నా స్టూలు వద్దన్నట్టేనా?" అని దొర నవ్వాడు.

ఏలియా పిడి తిప్పాడు.

చప్పుడు లేని మోటరు ఆగిపోతే కూడా తెలియదు. నడుమ నీళ్లలో, నావ వెనక నురగ కనబడకపోతే అప్పుడు చూశాను. మా ఆయన పిడి చివరిదాకా తిప్పుతున్నాడు. వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. ఏమీ లేదు. పడమటి దిక్కు ఎర్రగా దుమ్ము లేస్తోంది. ఎండాకాలం ఆ దుమ్ము ఏమిటో మాకందరికీ తెలుసు. చూస్తుండగానే గాలి వచ్చి తగిలింది, నీళ్లు లేచాయి, నావ పక్కకు తిరిగి డ్యాం కట్ట దిక్కు కొట్టుకుపోవడం మొదలైంది. కట్ట అంచునంతా బండరాళ్లు.

ఏలియా తెడ్డు అందుకున్నాడు. ఎడమచెయ్యి పట్టింది, కుడిచెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నం చేశాడు. ఆయన నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. నాకు పెళ్లయిన ఇన్నేళ్లలో నేను వినని మూలుగు. ఆయన గుంజ పైకి చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"రిబ్కా. చాప."

నేను లేచి నిలబడ్డాను. "దొరసానీ, జర లేవుండ్రి."

సరళాదేవి కదల్లేదు. మొగుడి దిక్కు చూసింది. దొర ఏలియా దిక్కు చూశాడు.

"లేవుండ్రి దొరసానీ" అన్నాడు ఏలియా. "ఆమె చెప్పినట్టు ఇనుండ్రి."

ఆమె లేచి నావ అడుగున నీళ్లలోనే కూలబడింది. నేను చాప లాగి తాడు కట్టాను. కుట్టిన చేతులు కదా, ఏ కొస ఏదో కళ్లు మూసినా తెలుస్తుంది. లాగాను. గాలి దాన్ని నా చేతుల్లోంచి గుంజుకుంది, అరచేతులు చీరుకుపోయాయి, మళ్లీ పట్టుకున్నాను. మా ఆయన తెడ్డును వెనక నీళ్లలో దించి ఎడమ చంకలో ఇరికించుకుని, నావ ముక్కు తిప్పుతూ చెబుతున్నాడు. గొంతులో ఏ తొందరా లేదు.

"గుంజు. ఇంక. గాలి మొత్తం పట్టకు, జర ఇడువు. ఆఁ, గట్ల. గుట్ట దిక్కు చూడు, నీళ్ల దిక్కు చూడకు."

దొర తన టిఫిను డబ్బా మూతతో నీళ్లు తోడుతున్నాడు. లచ్చవ్వ కళ్లు మూసుకుని పెదాలు ఆడిస్తోంది. నేను గుట్టనే చూశాను. భుజాలు ఊడిపోతాయేమో అనిపించింది. ఈయన ఇన్నేళ్లు ఇది ఎట్లా చేశాడా అనిపించింది, ఆ గాలిలో కూడా ఏడుపు వచ్చింది.

నావ మా రేవుకు పోలేదు. మామిడితోట కింద రాళ్లలోకి పోయి తగిలింది. చచ్చిన మోటరును పైకెత్తే తీరిక ఎవరికి ఉంది, దాని రెక్కలు రాతికి తగిలి విరిగాయి. మనుషులం మాత్రం అందరం దిగాం.

దొర చాలాసేపు రాయి మీద కూర్చుని ఊపిరి పీల్చుకున్నాడు. పంచె పిండుకున్నాడు. తిట్టలేదు.

"పాణాలు పోయేటియి గద ఏలియా" అన్నాడు. "ఇగ చాలు. రేపు మిల్లుకు రా."

మా ఆయన తువ్వాల ఒక కొస పళ్లతో పట్టుకుని ఎడమచేత్తో పిండుతున్నాడు. పిండడం అయ్యాక దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"నేను రాను దొరా. నావకు మనిషి ఉన్నది."

"ఎవలు?"

ఏలియా గడ్డంతో నా దిక్కు చూపించాడు.

దొర నన్ను చూశాడు. నేను నా అరచేతులు చూసుకున్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంటికి పోయాక వదల్లేదు నేను. "నన్ను అడిగినవా? నా బతుకు నువ్వే దానం జేస్తివి. బ్యాటరీ మోసింది సాలదా? నాకు గీ నీళ్లంటే ఇసుగొచ్చింది. జర కూసోవాలనుంది నాకు."

"అడుగుతే వద్దంటవ్" అన్నాడు.

"అంట. వద్దనే అంట."

ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. నా దిక్కు చూడకుండా అన్నాడు. "గా గేటు కాడ కూసొని మళ్ల దండాలు పెట్టుడంటే, నేను బతకను రిబ్కా."

అంతకుముందు ఏ బాధా లేదు లేదన్న మనిషి. పొయ్యి అంటించాను.

వానలు పడ్డాయి. మొగిలి కొత్త రెక్కలు పంపిస్తానన్నాడు, ఇప్పటిదాకా పంపలేదు. బ్యాటరీ బాలలక్ష్మికి ఇచ్చేశాను, బొమ్మలు చూసుకొమ్మని. నేను చాపతో, తెడ్డుతో నడిపాను. మొదట్లో జనం జంకారు, తర్వాత వేరే దారి లేక ఎక్కారు. మా ఆయన అవతలి రేవులో చిన్న కొట్టం వేసుకుని, జనాన్ని కేకేసి పిలుస్తూ, చాయ్ కాచి పోస్తూ కూర్చునేవాడు.

తోట అంచున కంచె వేయించడానికి దొర వచ్చాడు ఒకరోజు. నావ ఆనేదాకా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కబోయి ఆగాడు.

"ఎక్కడ కూసోమంటవు రిబ్కమ్మా?"

నేను పలక చూపించాను. చూపిస్తూ ఒడ్డుకు చూశాను. మా ఆయన చాయ్ గిన్నె పట్టుకుని కొట్టం ముందు నిలబడి ఉన్నాడు. ఆ మాట వినడానికే నిలబడ్డాడని తెలుస్తూనే ఉంది. విన్నాక లోపలికి పోయి చాయ్ వడపోసుకున్నాడు.

ఆ సాయంత్రం రేవు నుంచి వచ్చి కూలబడితే, వద్దన్నా వినకుండా నువ్వులనూనె వెచ్చజేసి తెచ్చాడు. ఎడమచేత్తో నా కుడి భుజం మీద రాయడం మొదలుపెట్టాడు. బొటనవేలు ఎక్కడ ఆనితే ప్రాణం పోతుందో ఆయనకు బాగా తెలుసు. సరిగ్గా అక్కడే ఆపాడు.

"నొస్తుందా?" అన్నాడు.

"లేదు" అన్నాను.